మీటకూ మాటకూ మధ్య గంట

ఆఫీసులో ఆయన్ని అందరూ సరాసరి గారంటారు. లెక్కలాయన కాబట్టి, ఏ నాలుగు అంకెలిచ్చినా కూడి, భాగించి, సరాసరి తీసి చేతిలో పెడతాడు కాబట్టి వచ్చిన పేరది. పేరుకే సరాసరి గానీ మనిషి ఏ సంగతీ సరాసరి చెప్పడు. "బయట వాన పడుతోందా?" అని అడిగితే "పడటం లేదనడానికి ఆధారాలు తక్కువగా ఉన్నాయి" అంటాడు. పెళ్ళికి ముందు "నేనంటే ఇష్టమేనా?" అని అడిగిన పిల్లకి "ఇంకో పన్నెండు సార్లు కలిస్తే నమ్మకంగా చెప్పగలను" అని జవాబిచ్చిన ఘనుడు. ఆ పిల్ల పదమూడోసారి తనే ముహూర్తం పెట్టేసింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి ఆయన ఇంకా లెక్కిస్తూనే ఉండేవాడు.

ఆ పిల్లే ఇప్పుడు అదే ఆఫీసులో మీటలావిడ. వీళ్ళ కంపెనీ యంత్రాలు చెయ్యదు, యంత్రాలకి మొహాలు చేస్తుంది. అంటే వేలితో నొక్కే తెరలన్నమాట. ఒక లాండ్రీ మీద రెండో అంతస్తు. కింద బట్టలుతుకుతారు, పైన ఒకరినొకరు ఉతుక్కుంటారు. తెర మీద నొక్కే మీటలు గీసేది మీటలావిడ. ఆ మీటల మీద మాటలు రాసేది మాటలాయన. మీటకీ మాటకీ తేడా ఒక్క గుడే, కానీ ఆ ఇద్దరికీ ఎనిమిది నెలలుగా మాటల్లేవు.

గొడవ ఒక లిఫ్టు తెర దగ్గర మొదలైంది. మాటలాయన దాని మీద "దయచేసి తాము వెళ్ళదలచిన అంతస్తును ఎంపిక చేసుకొనగలరు" అని రాశాడు. మీటలావిడ చూసి, "ఇది చదివేలోపు మెట్లెక్కి ఇంటికెళ్ళి స్నానం కూడా చెయ్యొచ్చు" అంది. ఆయనేం తక్కువ తిన్నాడా? "నీ మీటలు మనుషులకి పెట్టావా తల్లీ, చీమలకి పెట్టావా?" అన్నాడు. ఆ దెబ్బతో ఆయన పొడుగు మాటలు మానేశాడు, ఆవిడతో మాటలూ మానేశాడు. ఆ పోటుతో ఆవిడ మీటల్ని అరచేతంత గుండ్రాలు చేసింది. ఒకరి మాట ఒకరు విని బాగుపడ్డారన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. తట్టినా ఒప్పుకునే రకాలు కారు. తమాషా ఏమిటంటే, గొడవకి ముందు ఆయన ఆవిణ్ణి 'చెల్లెమ్మా' అనేవాడు, ఆ వరసన సరాసరిని 'బావగారూ' అనేవాడు. చెల్లెలితో తెగినా బావతో వరస మాత్రం తెగలేదు.

అలాంటి రోజుల్లో పెద్దాసుపత్రి వాళ్ళకి ఎనిమిది చీటీ యంత్రాలు కావలసి వచ్చాయి. జబ్బుపడ్డ మనిషి యంత్రం ముందు నిలబడి, ఏ డాక్టరు కావాలో నొక్కితే, నంబరు చీటీ చేతికి రావాలి. షరతు ఒక్కటే. తెర ముందు నిలబడ్డ ముప్పై సెకన్లలో సరైన చీటీ రావాలి. అంతకు మించితే వరస పెరిగి, పెరిగి, వీధిలోకొచ్చి, ఆసుపత్రి ముందు ఆసుపత్రంత గుంపు తయారవుతుంది.

కంపెనీ యజమానిని పెద్దాయన అంటారు. ఆయన అందర్నీ గదిలోకి పిలిచాడు.

"మన దగ్గర మూడు కొత్త సంగతులున్నాయి. అమ్మాయి గీసిన పెద్ద మీటలు. ఈయన రాసిన చిన్న మాటలు. మూడోది..." అని ఆగి, చొక్కా సర్దుకున్నాడు. "మూడోది నా ఆలోచన. మీట నొక్కగానే టింగుమని గంట మోగాలి. పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. గంట మోగితే మనిషికి ధైర్యం వస్తుంది. గంట పెట్టండి, గంటలు మిగులుతాయి!"

ఎవరూ నవ్వలేదు. అందుకని ఆయనే నవ్వుకున్నాడు.

"ముందు ఒక నలభైమందిని పిలిచి మీట పరీక్షిద్దాం. తర్వాత ఇంకో నలభైమందితో మాట. ఆ తర్వాత మరో నలభైమందితో గంట."

సరాసరి గొంతు సవరించుకున్నాడు. "నూట ఇరవైమంది అవసరం ఉండకపోవచ్చునని అనిపించడానికి..."

"ఏమయ్యా, తిన్నగా!"

"నలభైమంది చాలండి. మూడింటినీ కలిపి తిప్పుదాం. మీట పాతదో కొత్తదో, మాట పాతదో కొత్తదో, గంట ఉందో లేదో. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది రకాల తెరలు. ఏ మనిషి ఏ తెర నొక్కినా, మీట సంగతీ మాట సంగతీ గంట సంగతీ మూడింటికీ సాక్ష్యం చెప్పినట్టే. ఒకే మనిషిని మూడు సార్లు వాడుకోవచ్చు."

"ఒక్క దెబ్బకి మూడు పిట్టలా!" పెద్దాయన మొహం విప్పారింది.

"పిట్టలు మూడే గానీ కొమ్మలు ఎనిమిదండి."

ప్రోగ్రాములావిడ అప్పటిదాకా గోడకానుకుని ఆవలిస్తోంది. ఎనిమిది అనగానే నోరు మూసింది, మళ్ళీ తెరిచింది. "పరీక్షలకి వాడే ఆ ముసలి యంత్రంలోకి ఒక్కో తెర ఎక్కించడానికి ఒక్కో రోజు పడుతుంది. శుక్రవారానికి నాలుగిస్తాను. ఐదోది అడిగారా, తెర దించేసి ఇంటికెళ్ళిపోతాను."

అదీ చిక్కు. ఎనిమిదిలో నాలుగే చెయ్యాలి. ఏ నాలుగు? సరాసరి ఆ మధ్యాహ్నమంతా గళ్ళు గీసుకుని ఒక ఉపాయం పన్నాడు. మీటా మాటా రెండూ పాతవే అయితే గంట ఉంటుంది. రెండూ కొత్తవే అయినా గంట ఉంటుంది. ఒకటి పాతా ఒకటి కొత్తా అయితే గంట ఉండదు. సరిగ్గా నాలుగు తెరలు. పెద్ద మీట రెండింట్లో, చిన్న మాట రెండింట్లో, గంట రెండింట్లో. త్రాసు పెట్టి తూచినట్టు ఉంది.

ఇందులో ఒక మెలిక ఉందని ఆయనకి తెలుసు. ఇలా సగానికి కోస్తే, గంట చేసిన మేలేదో, మీటా మాటా ఒకదానితో ఒకటి కుదిరినందువల్ల జరిగిన మేలేదో విడదీయడం బ్రహ్మతరం కాదు. గంట ఎప్పుడూ ఆ జత కుదిరిన చోటే ఉంటుంది మరి. ఇద్దరన్నదమ్ములు ప్రతిసారీ కలిసే వంటింట్లోకి వెళ్తుంటే, డబ్బాలో బిస్కెట్లు ఎవడు తిన్నాడో ఎలా చెబుతాం? ఒక్కసారైనా వేరువేరుగా పంపి చూడాలి. కానీ సరాసరి ఏమనుకున్నాడంటే, 'మీటకీ మాటకీ ఉమ్మడి ఫలితం ఏముంటుందిలే! ఎనిమిది నెలలుగా మొహమొహాలు చూసుకోని ఇద్దరు చేసిన పనులవి' అనుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా అంకెల్ని నమ్మిన మనిషి, ఆ ఒక్కరోజు ఆఫీసు తగువుని నమ్మాడు. నమ్మి కూడా, మనసు పీకుతుంటే, నివేదిక అడుగున చీమ తలకాయంత అక్షరాలతో ఒక గమనిక రాశాడు: 'గంట ప్రభావమూ, మీట-మాటల ఉమ్మడి ప్రభావమూ ఈ పరీక్షలో వేరుపడవు.' గట్టిగా చెబితే పెద్దాయన నొచ్చుకుంటాడేమోనని భయం.

శుక్రవారం లాండ్రీలో బట్టల కోసం కూర్చున్నవాళ్ళని, టీ ఇస్తామని చెప్పి, ఒక్కొక్కర్నే మేడెక్కించారు. లాండ్రీ సంచీలో నలభై చీట్లు వేసి, ఎవరికి ఏ తెర వస్తే అది అని తీయించారు. కావలసినవాళ్ళకి కావలసిన తెర ఇస్తే అది పరీక్ష కాదు, పక్షపాతం. ఒక్కో తెరకి పదిమంది. అందరికీ ఒకటే జబ్బు: మోకాలి నొప్పి.

"నాకు మోకాళ్ళు భేషుగ్గా ఉన్నాయండీ, పన్ను లాగుతోంది. పన్ను నొక్కచ్చా?" అన్నాడొకాయన.

"వద్దండి, అందరికీ మోకాలే," అన్నాడు సరాసరి, స్టాప్‌వాచీ పట్టుకుని.

"ఉత్తినే ఇచ్చే జబ్బులో కూడా మన ఇష్టం లేదన్నమాట!"

పాత మాటల తెర దగ్గరికి వచ్చిన ఇంకో పెద్దమనిషి 'అస్థి వైద్య విభాగము' అన్నదాన్ని కళ్ళు చికిలించి చూసి, "ఆస్తి విభాగమా? అన్నదమ్ముల పంపకాలు ఆసుపత్రిలో కూడా మొదలెట్టారా?" అన్నాడు. కొత్త గుండ్రపు మీటలో అవే పొడుగు మాటలు ఇరికించిన తెర దగ్గర పరిస్థితి మరీ ఘోరం. గుండ్రంలో పట్టక మాట మూడు ముక్కలై, పై వరసలో 'అస్థి వై', మధ్యలో 'ద్య విభా', అడుగున 'గము' అని పడింది. ఒకావిడ చాలాసేపు చూసి, "ఈ ద్యవిభా గారు మోకాళ్ళు చూస్తారా?" అని అడిగింది.

పాత చిన్న మీటల మీద కొత్త చిన్న మాటలు రాసిన తెర చూడటానికి బాగానే ఉంది. ఎముకలు, పళ్ళు, కళ్ళు, చెవులు. కానీ మీటలు కందిగింజలంత ఉండి, మాటలు పొట్టివై, అన్నీ దగ్గరదగ్గరగా చేరి ఒకే ఇంటి పిల్లల్లా కలిసిపోయాయి. ఒక బలమైన మనిషి ఎముకలనుకుని వేలు పెడితే పళ్ళ చీటీ వచ్చింది. "మోకాలికి పళ్ళేమిటండీ?" అని ఆయన మళ్ళీ నొక్కాడు. ఈసారి కళ్ళొచ్చాయి.

సాయంత్రానికి లెక్క తేలింది. పాత మీట, పాత మాట, గంటతో ముప్పై ఎనిమిది సెకన్లు. పెద్ద మీట, పాత మాట, గంట లేకుండా నలభై ఆరు. పాత మీట, చిన్న మాట, గంట లేకుండా నలభై నాలుగు. మీటా మాటా కొత్తవై, గంట కూడా ఉంటే ఇరవై నాలుగు.

పెద్దాయన నివేదిక లాక్కుని సరాసరుల పట్టిక దగ్గరికి ఉరికాడు. "గంట ఉన్న రెండు తెరలకి సరాసరి ముప్పై ఒకటి. లేనివాటికి నలభై ఐదు. అంటే నా గంట ఒక్కటే పద్నాలుగు సెకన్లు మిగిల్చింది! మాటలు మిగిల్చింది ఎనిమిదే, మీటలు ఆరే. చూశావా, పళ్ళు తోముకునేటప్పుడు వచ్చిన ఆలోచన!"

"అడుగున ఒక చిన్న గమనిక..." అన్నాడు సరాసరి.

"చిన్నదైతే తర్వాత చూద్దాం." పెద్దాయన అప్పటికే లెక్క కట్టేస్తున్నాడు. "గంట పెట్టిన పాత తెరకి ముప్పై ఎనిమిది. దాని మీద మాటలు మారిస్తే ఇంకో ఎనిమిది తగ్గుతుంది. ముప్పై! ఆసుపత్రి అడిగింది అదే కదా. పెద్ద మీటలు పెట్టాలంటే ఎనిమిది యంత్రాలకీ అద్దాలు పెద్దవి చెయ్యాలి. ఎందుకొచ్చిన యాతన? చిన్న మీటలు, చిన్న మాటలు, నా గంట. వచ్చేవారం కాక పై సోమవారం బిగించేద్దాం." తర్వాత మీటలావిడ వైపు తిరిగి, ఎంతో దయగా, "నీకు గోదాములో సామాను జాబితాల పని చూస్తానమ్మా. అక్కడ గుండ్రాలు బోలెడన్ని గీసుకోవచ్చు, సున్నాలు చుట్టే పనే అది" అన్నాడు.

మీటలావిడ మొగుడి వైపు చూసింది. మొగుడు స్టాప్‌వాచీ వైపు చూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ ఉతికిన దుప్పటి మడత పెడుతోంది. ఒక కొస ఆయన చేతికిచ్చింది. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి కాబట్టి తప్పించుకునే వీల్లేదు.

"ఏమండీ, ఒక్క ప్రశ్న. చిన్న మీట, చిన్న మాట, గంట. ఈ మూడూ ఉన్న తెర మీద ఇవాళ ఒక్కళ్ళైనా వేలు పెట్టారా?"

"పెట్టారనడానికి ఆధారాలు..."

"ఏమండీ!"

"లేదు."

"మరి ఎవరూ నొక్కని తెరని ఎనిమిది యంత్రాల్లో ఎలా ఎక్కిస్తారు?"

దుప్పటి ఆయన చేతిలోంచి జారింది. జారిన దుప్పటి మీదే కూర్చుని అన్నదమ్ముల బిస్కెట్ల కథ చెప్పాడు. గంటా, మీట-మాటల జతా ఎప్పుడూ కలిసే వెళ్ళాయని, మేలు ఎవరిదో తెలియదని, సగం తెరలు వదిలేసింది తనేనని, పైకి అనలేక అడుగున రాశానని, అన్నీ ఒప్పుకున్నాడు. చివరికి అసలు కారణం కూడా కక్కాడు. "మీ ఇద్దరికీ పడదు కదా, మీ పనులకి ఉమ్మడి ఫలితం ఏముంటుందిలే అనుకున్నాను."

ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుంది. "మేం మాట్లాడుకోకపోతే మా పనులు కూడా మాట్లాడుకోవనుకున్నారా? ఇరవై ఏళ్ళు లెక్కలు చదివి నేర్చింది ఇదా? మీకంటే ఆ లాండ్రీవాడు నయం, ఎవరి చొక్కా ఎవరిదో విడదీసి ఇస్తాడు!"

"రేపు పెద్దాయనతో..."

"వెళ్ళి సరాసరి చెప్పండి. పేరు నిలబెట్టుకోండి."

మర్నాడు పొద్దున్నే సరాసరి పెద్దాయన గదిలోకి వెళ్ళాడు. ఆయన బల్ల మీద అప్పటికే ఒక ఇత్తడి గంట వెలిసింది. నమూనా అట. సరాసరి కుర్చీ అంచున కూర్చుని, పరిస్థితులను బట్టి చూస్తే, అన్ని కోణాల్లోనూ ఆలోచిస్తే, అని మొదలెట్టి మూడు నిమిషాలు ఊరంతా తిరిగొచ్చాడు. పెద్దాయన గంట మోగించాడు. "టైమైపోయింది. ఒక్క వాక్యంలో చెప్పు."

సరాసరి కళ్ళు మూసుకున్నాడు. "మీ గంట ఉత్త గంట అయ్యుండచ్చండి."

గదిలో గంట తాలూకు శబ్దం కూడా ఆగిపోయింది.

"తప్పు నాది," అన్నాడు సరాసరి, కళ్ళు తెరవకుండానే. "గంటని ఎప్పుడూ కుదిరిన జత పక్కనే నిలబెట్టాను. పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డవాడికి కూడా దండ పడ్డట్టు, వాళ్ళ మెప్పు దానికి వచ్చిందేమో. కాదేమో. నాకు తెలీదు. మీకూ తెలీదు. మీరు బిగించబోయే తెరని మాత్రం ఇంతవరకూ ఒక్క మనిషీ నొక్కలేదు."

"ఓహో! ఆవిడ మీటలు పోతున్నాయని ఇంట్లో గంట కొట్టి పంపిందా?"

"అందుకేనండీ, నా మాట నమ్మద్దు. ఆవిడ మాటా నమ్మద్దు. మిగిలిన నాలుగు తెరలూ చేయించండి. ఈసారి గంటని నిన్న లేని చోట పెడదాం, ఉన్న చోట తీసేద్దాం. అన్నదమ్ముల్ని విడివిడిగా పంపుదాం."

బిస్కెట్ల కథ వినని పెద్దాయనకి ఈ అన్నదమ్ములెవరో అర్థం కాలేదు. కానీ ఎప్పుడూ నసిగే మనిషి నసగకుండా మాట్లాడటం ఆయన్ని కంగారు పెట్టింది. "సరే. వచ్చే శుక్రవారం. నేనే కూర్చుంటాను. నా గంట నెగ్గిందా, మీ ఆవిడతో పాటు నువ్వూ గోదాముకే. అక్కడ భార్యాభర్తలిద్దరూ కలిసి మేకులు లెక్కపెట్టుకోండి."

ఇంకో నాలుగు తెరలనగానే ప్రోగ్రాములావిడ అన్న మాటలు అచ్చువెయ్యడానికి వీల్లేనివి. చివర్లో మాత్రం "మొదటే ఎనిమిదని గట్టిగా ఎందుకు చెప్పలేదు? నేను తిట్టినా చేసేదాన్ని కదా!" అంది. సరాసరి తలవంచుకున్నాడు. తిడతారని భయపడి తప్పించుకున్న తిట్లన్నీ ఇప్పుడు వడ్డీతో పడుతున్నాయి.

రెండో శుక్రవారం లాండ్రీ నుంచి కొత్తగా నలభైమంది ఎక్కారు. పాతవాళ్ళు రాకూడదని సరాసరి పట్టు. ఒకసారి నొక్కినవాడికి దారి తెలిసిపోతుంది, ఆ తెలివి తెర ఖాతాలో పడుతుంది. జనాన్ని పైకి తెచ్చే పని మాటలాయన తీసుకున్నాడు. "బావగారూ, నా మాటలు నెగ్గుతాయంటారా?" అని ఒక్కొక్కర్ని ఎక్కించినప్పుడల్లా అడిగాడు.

పెద్దాయన యంత్రం పక్కనే కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మొదటి మనిషికి పెద్ద మీట, పాత మాట, గంట తెర వచ్చింది. 'ద్య విభా' గారిని నొక్కాలా వద్దా అని తటపటాయించి వేరే దేన్నో నొక్కాడు. టింగుమంది. "లిఫ్టొచ్చినట్టుంది" అని తలుపు వైపు నడిచాడు.

"లిఫ్టు కాదయ్యా, ధైర్యం!" అని అరిచాడు పెద్దాయన.

ఇంకొకావిడ టింగు వినగానే సంచీలోంచి ఫోను తీసి చెవిన పెట్టుకుని "ఎవరండీ?" అంది. ఆ 'ఎవరండీ'కే తొమ్మిది సెకన్లు. చిన్న మీట, చిన్న మాట, గంట ఉన్న తెర, అంటే పెద్దాయన బిగిద్దామనుకున్న తెర, ఒక ముసలాయనకి తగిలింది. ఎముకలనుకుని పళ్ళు నొక్కాడు, టింగు. కళ్ళు నొక్కాడు, టింగు. చెవులు నొక్కాడు, టింగు. "ఏది నొక్కినా ఒకేలా మెచ్చుకుంటోంది బాబూ, మా మనవడి మాస్టారిలాగ. నొక్కింది తప్పో ఒప్పో ఎలా తెలిసేది?" అన్నాడు. పెద్దాయన కాలు మీంచి కాలు తీసేశాడు.

మధ్యాహ్నానికి ఆయనే టింగు వినిపించినప్పుడల్లా ఉలిక్కిపడి లిఫ్టు వైపు చూడటం మొదలెట్టాడు.

సాయంత్రం అందరూ గదిలో చేరారు. మీటలావిడ ఒక మూల, మాటలాయన ఎదురు మూల. సరాసరి కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి అడుగున గమనికలేమీ లేవు.

"రెండు వారాల ఎనిమిది తెరలూ కలిపి చెబుతున్నాను. గంట ఉన్న నాలుగు తెరల సరాసరి ముప్పై ఎనిమిదిన్నర సెకన్లు. గంట లేని నాలుగు తెరలకి ముప్పై ఎనిమిది. గంట వల్ల లాభం లేదు. నష్టం కూడా చెప్పుకోదగ్గది లేదు. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"నా మొహం చూసి చెప్పు," అన్నాడు పెద్దాయన.

సరాసరి ఆయన మొహం చూసి అదే వాక్యం మళ్ళీ చెప్పాడు. తర్వాత ఊపిరి తీసుకున్నాడు, అసలు కష్టం ఇప్పుడుంది కాబట్టి. పెళ్ళాం వైపు తిరిగాడు. "మీట ఒక్కటే మార్చి మాట పాతదే ఉంచితే, పాత తెర కంటే ఎనిమిది సెకన్లు ఎక్కువ పడుతోంది. నీ గుండ్రం ఒంటరిగా అయితే నష్టం."

ఆవిడ కళ్ళు గుండ్రాలయ్యాయి. ఎదురు మూలలో మాటలాయన మీసం చాటున నవ్వుకోబోయాడు.

"మీ మాటలు ఒంటరిగా అయితే ఆరు సెకన్లు నష్టం, బావగారూ."

మీసం కిందకి దిగింది.

"రెండూ కలిస్తే పదిహేను సెకన్లు లాభం. గంట ఉన్నప్పుడు ఇరవై నాలుగు, తీసేసినా ఇరవై మూడు. పెద్ద గుండ్రం లేకపోతే చిన్న మాటకి నిలబడే చోటు లేదు. చిన్న మాట లేకపోతే పెద్ద గుండ్రం దాన్ని ముక్కలు చేసేస్తుంది. విడివిడిగా చూస్తే రెండూ తీసిపారెయ్యాలి. జతగా చూస్తే రెండూ ఉండాలి. చిన్న మీట, చిన్న మాట, గంట తెర నిన్నటిదాకా మన కాగితం మీద ముప్పై సెకన్లు. ఇవాళ జనం చేతిలో నలభై ఐదు."

పెద్దాయన కిటికీలోంచి లాండ్రీ ముందు వరసని చూశాడు. ఆ వరసలో ఆయనకి ఆసుపత్రి వరస కనిపించినట్టుంది. అందులో మోకాలి నొప్పితో వచ్చి పళ్ళ చీటీ పట్టుకున్నవాళ్ళు కూడా కనిపించి ఉంటారు.

"అద్దాలు మార్పించండి," అన్నాడు చివరికి. "శని, ఆదివారాలు కూర్చుని ఎనిమిదీ మార్చాల్సిందే. గంట తీసేయండి. ఆ గంట విషయం నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉంది."

గోదాము మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కానీ ఇంటికి వెళ్ళే దారిలో మీటలావిడ మొగుడికి రెండడుగులు ముందే నడిచింది. సంగతి తేలిపోయింది, ఉద్యోగం నిలిచింది, అయినా ఆవిడకి ఆ 'ఒంటరిగా నష్టం' ఇంకా మింగుడుపడలేదు.

సోమవారం పొద్దున పెద్దాసుపత్రి హాల్లో ఎనిమిది యంత్రాలూ బిగించారు. మొదటి యంత్రం ముందు మీటలావిడ ఒక పక్కా, మాటలాయన ఇంకో పక్కా కాపలాదారుల్లా నిలబడ్డారు. సరాసరి కాస్త వెనకగా నిలబడ్డాడు.

"ఎముకలులో 'లు' అంచుకి తగులుతోంది," అంది ఆవిడ తెరతో అన్నట్టుగా.

"గుండ్రం ఇంకో వెంట్రుకవాసి పెంచితే తగలదు," అన్నాడాయన, ఆయన కూడా తెరతోనే.

"పెంచితే పక్కదానికి తగులుతుంది. 'ఎముక' అంటే చాలదా?"

"మనిషికి ఒక్క ఎముకే ఉంటుందా చెల్లెమ్మా?"

ఎనిమిది నెలల తర్వాత వచ్చిన పిలుపది. ఇద్దరూ అది వినిపించనట్టు నటించారు. ఇంతలో చేతికర్రతో ఒకావిడ వచ్చి, "జరగండమ్మా, మీరు చూసుకునేది అద్దమా?" అని ఇద్దర్నీ చెరో పక్కకీ తోసి, తెర వైపు ఒక్క చూపు చూసి, ఎముకల మీద వేలు పెట్టి, చీటీ చింపుకుని వెళ్ళిపోయింది. గుండ్రం బాగుందనీ అనలేదు, మాట బాగుందనీ అనలేదు. అక్కడ అవి ఉన్నట్టు కూడా ఆవిడకి తెలిసినట్టు లేదు.

"ఎంత?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే, వెనక్కి తిరిగి.

"ఇరవై ఒకటి," అన్నాడు సరాసరి.

మీటలావిడ మొహంలో నవ్వు వచ్చి, సగంలో ఆగింది. "మిగిలిన సెకన్లలో నా వాటా ఎంత? ఆయనది ఎంత? సరాసరి చెప్పండి."

"పంచలేను. చప్పట్లు కొడితే చప్పుడు వస్తుంది. అందులో కుడిచేతి వాటా ఎంత, ఎడమచేతి వాటా ఎంత అంటే ఏం చెబుతాను? ఏ చెయ్యి తీసేసినా మిగిలేది గాలే."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే కుడిచెయ్యి నాదని రాసుకోండి."

"రాసుకోనివ్వండి బావగారూ," అన్నాడు మాటలాయన చీటీల కాగితం చుట్ట సరిచేస్తూ. "నేనెలాగూ పుట్టు ఎడమచేతి వాటం వాణ్ణి."